ఈశ్వరి వేసిన నాలుగు బొమ్మలు

నంద్యాల వెళ్ళొచ్చానంటే తెనాలిలో మా వీధి వాళ్ళందరూ ముందుగా అడిగింది మహానంది ప్రసాదం. మహానంది వెళ్ళలేదన్నాను. పోనీ యాగంటి? అదీ లేదు. ఆళ్లగడ్డ దాకా రెండుసార్లు వెళ్ళాను గానీ అహోబిలం కొండ వైపు తిరగనైనా లేదు. "మరి అంత దూరం పోయి ఏం చూసొచ్చావే?" అని మా అత్తయ్య ముక్కున వేలేసుకుంది. నోటితో చెప్పబోయి రెండు మూడుసార్లు మధ్యలోనే ఆగిపోయాను. రాస్తే కుదురుతుందేమోనని ఇప్పుడు కూర్చున్నాను.

సీతాఫలాల సంచి

నేను చెన్నైలో ఒక జపాను కంపెనీలో చాలాకాలం దుబాసీగా పనిచేశాను. ఉద్యోగం మానేశాక ఆ భాష తుప్పు పట్టకుండా కథలు తెలుగులోకి తెస్తున్నాను. అందులో నాకు పిచ్చి పట్టించినవి బొమ్మల మర్మకథలు. వీటిలో హత్య జరిగిందని ఎవరూ చెప్పరు. ఎవరో వేసిన మామూలు బొమ్మలు కొన్ని మన ముందు పెడతారు, అంతే. మొదటిసారి చూస్తే ఏమీ కనపడదు. మళ్ళీ చూస్తే వెన్నులో చలి పుడుతుంది.

ఈ సంగతి విని నన్ను పిలిచింది సుగుణ. గుంటూరులో బీఎడ్ చదివేటప్పుడు మా ఇద్దరిదీ ఒకే గది. పగిడ్యాల దగ్గర పల్లెలో పుట్టింది, నంద్యాలలో ఆడపిల్లల బడిలో తెలుగు చెబుతుంది. ఫోన్ ఎత్తగానే, "ఏం మే, ఆ జపానోళ్ళ కతలు మా పిల్లోళ్ళకు ఒకసారి చెప్పి పో. పుస్తకమంటే పారిపోతాండారు. బొమ్మలు చూస్తేనన్నా కుదురుగా కూచుంటారేమో," అంది.

గుంటూరులో రైలెక్కాను. గిద్దలూరు దాటాక నల్లమల మొదలైంది. ఒక అడవి స్టేషన్లో బండి ఊరికే ఆగిపోతే, గంపలతో ఆడవాళ్ళు సీతాఫలాలు తెచ్చారు. కన్ను విచ్చిన పెద్ద పెద్ద కాయలు. మా ఊళ్ళో అడిగే ధరలో సగం కూడా లేదు. ఆశకొద్దీ సంచీ నిండా కొన్నాను. పిల్లలకు చూపించాలని అచ్చు వేయించుకున్న బొమ్మలు కూడా ఆ సంచీలోనే ఉన్నాయని గుర్తుకు వచ్చేసరికి సొరంగం వచ్చింది. చీకట్లో ఎవరిదో పెట్టె సంచీ మీద పడింది. వెలుతురు వచ్చాక చూస్తే జపాను మర్మమంతా సీతాఫలం గుజ్జులో మునిగి ఉంది.

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ నా మొహం చూసి, "ఏడ్సాకులేమ్మా, కాయితమే కదా. కాయలు బాగుండాయా చూసుకో," అంది. కాయలు బాగానే ఉన్నాయి. ఇద్దరం తింటూ నంద్యాలలో దిగాం.

సుగుణ ఇంట్లో

పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మేం మరమరాలు అనేవి వీళ్ళకు బొరుగులు. మేం వాటిని సాయంత్రం పూట పిడతకింద పప్పులో తింటాం. వీళ్ళు నానబెట్టి, పిండి, తిరగమోత పెట్టి పొద్దున్నే పళ్ళెం నిండా వడ్డిస్తారు. నేను చెయ్యి పెట్టబోతుంటే సుగుణ వాళ్ళాయన కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు. వేళ్ళు పళ్ళెంలోనే ఉంచి నేనూ తల వంచాను. ప్రార్థనలో నా పేరు కూడా వచ్చింది, నా ప్రయాణం క్షేమంగా జరగాలని. అంతకుముందు ఎవరూ నా కోసం అలా పైకి అడిగి ఎరగరు. బజ్జీ కారానికో దానికో తెలీదు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పద మే, బిరీన. ప్రేయరు టైముకు బడిలో ఉండల్ల," అంటూ సుగుణ నన్ను స్కూటరెక్కించింది.

తొమ్మిదో తరగతి గది

అచ్చు బొమ్మలు పాడయ్యాయి కాబట్టి బోర్డు మీద నేనే వేసి చెప్పాను. జపానులో ఇంట్లోకి వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి, వాటి మొనలు బయటికి చూసేలా తిప్పి పెడతారు. ఒక సత్రం యజమాని కూతురు రోజూ గుమ్మంలో చెప్పుల బొమ్మ వేస్తుంది. ఒక రోజు బొమ్మలో అన్ని జతలూ బయటికి చూస్తుంటే ఒక్క జత లోపలికి చూస్తోంది. ఎందుకు? ఆ మనిషి నడిచి రాలేదు కనుక. అతన్ని మోసుకొచ్చారు. చెప్పులు తర్వాత ఎవరో తెచ్చి పెట్టారు, ఆ తొందరలో తిప్పడం మరిచారు.

ఒక పిల్ల లేచి, "మా ఇంట్లో చెప్పులు ఎట్లంటే అట్ల పడింటాయి మేడం. అందరం సచ్చినట్టేనా?" అనడంతో నవ్వులే నవ్వులు.

తర్వాత ఎవరికి వాళ్ళు నాలుగు బొమ్మల్లో ఒక మర్మకథ వెయ్యమన్నాం. జవాబు రాయకూడదు, మేం కనిపెట్టాలి. మధ్యాహ్నం దాకా వేశారు. బావుల్లో దయ్యాలు, బస్సులో దొంగలు, అత్తగారి పాయసంలో విషం. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు సుగుణ కిటికీ పక్క పిల్ల దగ్గర కాగితాలు తీసుకుని గోడకు అంటించింది.

ఆ పిల్ల పేరు ఈశ్వరి. ఆళ్లగడ్డ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మొదటి బొమ్మలో ఒక పెరడు, అందులో నల్లటి మనుషులు. ఎవరికీ ముఖాలు లేవు. మధ్యలో ఎర్రగళ్ళ చొక్కా వేసుకున్న ఒక్క మనిషికే ముఖముంది. చుట్టూ తెల్లటి చుక్కలు. రెండో దాంట్లో రాత్రి. ఆ మనిషి కుర్చీలో కూర్చుని, ముందున్న బల్ల మీద దిండు పెట్టుకుని దాని మీదికి వంగి ఉన్నాడు. పక్కన ఒక ఆడమనిషి, ఆమె జుట్టు మీద తెల్లచుక్కలు. మూడో దాంట్లో అదే కుర్చీ, అదే దిండు, చొక్కా మాత్రం అతనికి బాగా వదులైపోయింది. చుక్కలు అతని ఛాతీలోకి చేరాయి. ముఖాల్లేని మనుషులు ఇంటి లోపలికి వచ్చేశారు. నాలుగో దాంట్లో కుర్చీ ఖాళీ. చొక్కా గోడ కొక్కేనికి ఉంది. చుట్టూ నిలబడ్డ నల్లటి మనుషులందరికీ ముఖాలొచ్చాయి, అన్నీ అతని ముఖమే. కింద ప్రశ్న: "ఎవురు సంపినారు?"

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళలో చదివిన కథల్లో ఇంత చల్లగా భయపెట్టింది తక్కువ. నేను చప్పట్లు కొట్టాను. పిల్లలందరూ కొట్టారు.

"భార్యే దిండుతో అదిమేసింది మేడం!"

"కాదు, ఆ నల్లోళ్ళు దయ్యాలు. ఆయప్ప ముఖం దొంగిలించినారు."

ఈశ్వరి తల అడ్డంగా ఊపుతూనే ఉంది. నేనూ ఓడిపోయానన్నాను. "అయితే ఈ మంచు దేనికమ్మా? జపాను కథ కాబట్టి వేశావా?"

"అది మంచు కాదు మేడం. దుమ్ము. రాతి దుమ్ము. అదే సంపింది."

ఎవరూ కనిపెట్టలేదని పిల్లలు, వాళ్ళతో నేనూ, మళ్ళీ చప్పట్లు కొట్టాం. సుగుణ కొట్టలేదు. ఈశ్వరి దగ్గరికి పోయి మెల్లగా అడిగింది. "మీ నాయన విగ్రహాలు చేస్తాడు కదా, ఈశ్వరీ?"

"అవు టీచర్."

"ఎప్పుడు పోయినాడు? నాకు చెప్పలేదే నువ్వు?"

ఆ పిల్ల సుగుణ కేసి వింతగా చూసింది. "పోలేదు టీచర్. ఇంట్లో ఉండాడు. నాలుగో బొమ్మ ఇంగా జరగలేదు."

నా చేతులు చప్పట్ల దగ్గరే ఆగిపోయాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత వరండాలో కూర్చోబెట్టి అడిగితే తెలిసింది. వాళ్ళ పెదనాయన కూడా శిల్పే. ఆయన కూడా ఇట్లాగే రాత్రిళ్ళు దిండు మీద వంగి కూర్చుని, చిక్కిపోయి చనిపోయాడట. "మా నాయన ఇప్పుడు మూడో బొమ్మకాడ ఉండాడు," అంది. ఏడవలేదు. ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పింది.

ముఖాల్లేని వీధి

మర్నాడు సుగుణ సెలవు పెట్టింది. ఆళ్లగడ్డ బస్సులో ఒక రైతు తన ఒళ్ళోని వేరుశనక్కాయల మూటలోంచి దోసెడు తీసి నా ఒళ్ళో పోశాడు. "యాడికి పోతాండారమ్మా, కొండకా?" అన్నాడు. శిల్పుల దగ్గరికన్నాను. "ఎవురికి, మీ నాయనకా అమ్మకా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఈ వైపు చనిపోయిన తల్లిదండ్రులకు విగ్రహాలు చేయించి సమాధి మీద పెట్టుకుంటారట. మా వైపు ఫోటోకి దండ వేసి ఊరుకుంటాం. ఈశ్వరి నాలుగో బొమ్మలో అతని ముఖం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. శనక్కాయ నోట్లో పిండిలా అయిపోయింది.

దిగగానే వరసగా షెడ్లు. అమ్మవార్లు, నాయకులు, గుర్రాలు, చెయ్యి చాచిన క్రీస్తు. ఇంకా చెక్కని ముఖాలతో నల్లరాతి మనుషులు బోలెడంతమంది నిలబడి ఉన్నారు. చెట్ల ఆకులు తెల్లగా ఉన్నాయి. మిషన్ల రొదలో మాట వినపడదు.

ఈశ్వరి వాళ్ళ నాయన పేరు వీరాచారి. నలభై దాటి ఉండవు. గోడకు చేరగిలబడి ఉన్నవాడు లేచి నిలబడ్డాడు, లేచినందుకే ఆయాసపడ్డాడు. వెనక సగం పూర్తయిన గ్రామదేవత పెద్దమ్మ విగ్రహం, ప్యాపిలి పక్క పల్లె వాళ్ళు చేయించుకుంటున్నది. ఆయన భార్య రత్నమ్మ మమ్మల్ని చూసి కంగారుగా మంచినీళ్ళు తెచ్చింది. "పాపకేమన్నా అయిందా టీచర్?"

"పాప బాగుంది," అని సుగుణ నెమ్మదిగా సంగతి చెప్పింది. రత్నమ్మ మేం తెచ్చిన బొమ్మల కాగితాలు చేతిలోకి తీసుకుంది. మూడు చూసింది. నాలుగోది చూసి చెంబు కింద పడేసింది.

"బతికున్న మనిషిని కాయితం మీద సంపి మా ఇంటికి తెచ్చినారా? సదువు సెప్పమని పంపితే ఇదా మీరు నేర్పిచ్చేది?" నా వైపు తిరిగింది. "యాడిదానివమ్మా నువ్వు? ఏం పని నీకు మాతో? ఇది చూసి సంతోషపడినారంట కదా అందరూ!"

చప్పట్ల సంగతి కూడా సుగుణ దాచకుండా చెప్పేసింది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు.

"పొయ్యిలో ఎయ్యాల ఇవి," అని లోపలికి పోబోతుంటే వీరాచారి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు రత్నా. ఈడికియ్యి."

ఒక్కొక్కటే చూశాడు. మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. "పండుకుంటే ఊపిరాడదు టీచర్. శానా దినాలాయె. పాప సెలవులకొచ్చినప్పుడు పక్కరూములో నిద్రపోతాండాదనుకున్యా. ఈమెకు తప్ప ఎవురికీ తెలీదనుకున్యా." రెండో బొమ్మ మీద వేలు పెట్టాడు. "చూస్తానే ఉన్నింది."

రత్నమ్మ అప్పుడు కూలబడి ఏడ్చింది. చలవ దగ్గని ఒకాయన మందిచ్చాడట, ఉబ్బసమని ఇంకొకాయన. పెద్దాసుపత్రికి పోలేదు. "జబ్బని బయటపడితే ఈ వీధిలో పని ఎవురిస్తారమ్మా? చెయ్యి వణుకుతాందంట అని రేపే అంటారు."

సుగుణ అరుగు మీద చతికిలబడింది. "వీరప్పా, రేపు మా ఆయన కారు తెస్తా. ఎక్కుతానంటే ఇంటికి పోతా. ఎక్కనంటే ఈన్నే కూచుంటా. రాత్రికి రొట్టె నువ్వే పెట్టల్ల."

ఆయన నవ్వబోతే దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగేదాకా రత్నమ్మ ఆయన వీపు రాస్తూ ఉంది. ఆగాక, "వస్తాలే టీచర్," అన్నాడు.

ఫిల్ము

నంద్యాలలో ఊపిరితిత్తుల డాక్టరు వయసులో చిన్నవాడు. ఫిల్మును దీపం ముందు పెట్టి, రెండు క్షణాలు చూసి, "రాయి పనా?" అన్నాడు. మేం ఇంకా చెప్పనేలేదు.

లోపల రెండు వైపులా తెల్లటి చుక్కలు, వేలకు వేలు. నేను సుగుణ చెయ్యి పట్టుకున్నాను. ఆ బొమ్మ నేను ముందే చూశాను. ఎర్రగళ్ళ చొక్కా లేదు, అంతే తేడా. ఆ పిల్ల ఫిల్ము ఎన్నడూ చూసి ఉండదు. దుమ్ము లోపలికి పోతోందని అనుకుంది, లోపల వేసింది.

"సన్న ఉలితో పొడిసినట్టుండాది సార్," అన్నాడు వీరాచారి.

"రాతి దుమ్ము లోపల గడ్డకట్టింది. పోయేది కాదు. మందులు ఊపిరి సుళువు చెయ్యడానికే. మిషను ఈ రోజుతో ఆపాలి. దుమ్ములో కూర్చోవడం కూడా ఆపాలి."

"ఆపితే?"

"ఆపితే మీ పాప పెళ్ళి చూస్తారని నా ఆశ. ఆపకపోతే ఏం చెప్పమంటారు?"

బయటికొచ్చాక సుగుణ అందరికీ టీ ఇప్పించింది. రత్నమ్మ తన గ్లాసు చల్లారిపోయేదాకా పట్టుకుని, అలాగే తిరిగిచ్చేసింది. కారెక్కేముందు మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి, "నిన్న నోటికొచ్చినట్టు అంటి," అంది. నేను తల ఊపాను. మా వైపు అయితే ఇద్దరం ఇంకో గంట మర్యాదలు పోయేవాళ్ళం. ఆమె ఆ ఒక్క మాటతో సరిపెట్టి కారెక్కింది.

ఆదివారం

చర్చి అయ్యాక సుగుణ, నేను ఈశ్వరిని ఆళ్లగడ్డలో వాళ్ళింటికి తీసుకెళ్ళాం. దారిలో ఆ పిల్ల, "నాయన తిట్టినాడా మేడం?" అంది.

"తిట్టలేదు."

"అమ్మ?"

"అమ్మ నన్ను తిట్టింది."

మొదటిసారి నవ్వింది. వెంటనే చేత్తో నోరు మూసుకుంది.

వాళ్ళ సందు మొదట్లోనే మిషను రొద వినిపించింది. ఆదివారం కదా, మిగతా షెడ్లు చాలావరకు మూసి ఉన్నాయి. రొద వీళ్ళ పెరట్లోంచే. ఈశ్వరి సంచీ అక్కడే పడేసి పరుగు పెట్టింది. "నాయనా! వద్దు నాయనా!"

మేం ఆయాసపడుతూ చేరేసరికి పెరడంతా తెల్లటి పొగలా ఉంది. పెద్దమ్మ పాదాల దగ్గర మగచొక్కా తొడుక్కుని, తలకీ ముక్కుకీ తువ్వాలు చుట్టుకుని ఎవరో మిషను పట్టుకుని వంగి ఉన్నారు. ఈశ్వరి గోడకున్న ప్లగ్గు పీకేసింది. రొద ఆగింది. ఆ మనిషి లేచి తువ్వాలు కిందికి లాగింది.

రత్నమ్మ.

చొక్కా కింద చీర కుచ్చిళ్ళు నాకు అప్పుడే కనబడ్డాయి. కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉన్నాయి. వీరాచారి వంటింటి గుమ్మంలో, తలుపు సగం మూసుకుని కూర్చుని ఉన్నాడు. మాతో కళ్ళు కలపలేదు.

"ఏందమ్మా ఇది?" అంది సుగుణ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"డాక్టరు మానుకొమ్మన్యాడు, మీ వీరప్ప మానుకున్యాడు," అంది రత్నమ్మ. "ఆర్డరు మానుకుంటాదా టీచర్?"

అక్కడే ఒక రాయి మీద కూర్చున్నాను. ఈశ్వరి ప్లగ్గు తీగ గుండెకు అదుముకుని నిలబడింది. వాళ్ళమ్మ "ఈడికియ్యి పాపా" అంది, తర్వాత గదమాయించింది, తర్వాత బతిమాలింది. ఆ పిల్ల ఇవ్వలేదు. "నువ్వు కూడానా అమ్మా?" అని మాత్రం అంది.

చివరికి వీరాచారి గోడ పట్టుకుని లేచి వచ్చి, ఫోన్ తీసి, అందరి ముందే ప్యాపిలి వాళ్ళకు చేశాడు. "అప్పా, నేను వీరాచారిని. నాకు ఊపిరితిత్తుల జబ్బుండాది. మిషను పట్టేదానికి లేదు. ఉలితో, తడిపి తడిపి చేస్తే తిరునాళకు అందదు. దినాలిస్తే చేస్తా." అవతల ఏమన్నారో వినపడలేదు. "మీ ఇష్టమప్పా," అని పెట్టేశాడు. ఇన్నాళ్ళూ దాచినమాట అది. చెప్పాక ఆయన ముఖంలో సిగ్గు లేదు, అలసట మాత్రం ఉంది.

రత్నమ్మ చొక్కా విప్పి దులపబోయింది. ఈశ్వరి గబుక్కున లాక్కుని నీళ్ళ తొట్టిలో ముంచింది.

నేను తెనాలి వచ్చిన రెండు వారాలకు సుగుణ ఫోన్ చేసింది. పెద్దమ్మ విగ్రహాన్ని పల్లె వాళ్ళు పక్క షెడ్డుకు మార్చారట. అక్కడి శిల్పి మిషను పెట్టి చకచకా చేస్తున్నాడట. వీరాచారి పెరట్లో ఇప్పుడు మిషను లేదు, అమ్మేశారు. భార్యాభర్తలు రాయి తడుపుకుంటూ, ఉలితో రోళ్ళు, సన్నికళ్ళు చేస్తున్నారు. సంపాదన తగ్గింది. రత్నమ్మ బజారు దగ్గర ఉగ్గాని బండి పెడదామని చూస్తోంది.

"ఈశ్వరి?" అన్నాను.

"దాని కతే చెప్పబోతాండా. పోయిన ఆదివారం ఊరికి పోయినప్పుడు నేరుగా పక్క షెడ్డుకే పోయిందంట. 'అన్నా, ఈసారి మా నాయన డాక్టరు కాడికి పోయినప్పుడు నువ్వూ రా' అనిందంట. ఆయప్ప నవ్వినాడంట. ఇది కదలకుండా ఆడే నిలబడిందంట, వస్తానన్యాక గానీ కదలలేదు. నిన్న మా కార్లోనే పిలుచుకొస్తి ఇద్దుర్నీ."

"ఫిల్ము తీశారా?"

"తీసినారు. దాంట్లోనూ అవే చుక్కలు."

లైను తెగిందేమోనని హలో హలో అన్నాను.

"ఉండానులే మే," అంది. "ఆయప్పకు ఇరవై ఆరేండ్లు."